కందిరీగల తుట్టె: కాగడా కంటే జాగ్రత్త మేలు

తొలకరికి ముందు ఇంటి చూరు సర్దుకోవడం, కట్టెల దొంతర కదపడం పల్లెల్లో ఏటా ఉండే పని. కంటపడని కందిరీగల తుట్టెలు కదిలేదీ అప్పుడే.

తుట్టె కనిపిస్తే కాగడా పట్టడం చాలామందికి అలవాటు. దాంతో కందిరీగలు రేగి మీద పడతాయి. పూరిల్లయితే నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. నిజానికి తుట్టె జోలికి పోనంతవరకు అవి సాధారణంగా కుట్టవు. పైగా పైరును తినే పురుగులను వేటాడతాయి. మనుషులు మసలని చోట ఉన్న తుట్టెను వదిలేయడమే మేలు. గుమ్మం దగ్గరైతే చిన్నగా ఉన్నప్పుడే, చీకటి పడ్డాక, ఒళ్లంతా కప్పుకున్న అనుభవజ్ఞులతో తీయించాలి.

కందిరీగ తేనెటీగలా ముల్లు వదలదు, పదేపదే కుట్టగలదు. చాలామందికి నొప్పి, వాపులతో పోతుంది. సరిపడనివారికి మాత్రం నిమిషాల్లో ఊపిరి ఆడకపోవచ్చు. సున్నం రాస్తూ కూర్చుంటే ఆ నిమిషాలు చేజారతాయి. వెంటనే 108కి ఫోన్ చేయాలి.

అలాంటివారిని కాపాడేది అడ్రినలిన్ సూదిమందు. అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో అది ప్రాథమిక వైద్య స్థాయిలోనే ఉంది. జాబితాలో ఉంటే చాలదు. పట్నానికి దూరంగా ఉన్న ఊళ్ల ఆరోగ్య కేంద్రాల్లో వేళకు అందేలా చూడడం అధికారుల బాధ్యత.