ఆయుధ నిషేధము - ప్రజా రక్షణ

1996వ సంవత్సరము మార్చి 13వ తేదీన స్కాట్లండులోని డన్‌బ్లేన్ అను చిన్న పట్టణమున ఒక వ్యక్తి నాలుగు పిస్తోళ్లతో ప్రాథమిక పాఠశాల వ్యాయామశాలలో ప్రవేశించి 16 మంది పసిపిల్లలను, వారి ఉపాధ్యాయురాలిని కాల్చి చంపెను. ఆ పిల్లలకు ఐదారేండ్ల వయస్సు మించి లేదు. ఆ సంఘటన జరిగి ఏడు వారములైనను గడువకముందే, ఏప్రిల్ 28న, ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపమున పోర్ట్ ఆర్థర్ అను యాత్రాస్థలమున మరియొకడు 35 మందిని బలిగొనెను. రెండు దేశములును చలించిపోయినవి. రెండును చట్టములు చేసినవి. ఆ చట్టములకు ఇప్పటికి దాదాపు ముప్పది ఏండ్లు నిండినవి. ఆయుధమును నిషేధించినచో ప్రజల ప్రాణములకు భద్రత పెరుగునా అను వాదము వచ్చినప్పుడెల్ల ఇరుపక్షములవారును ఈ రెండు దేశములనే సాక్ష్యమునకు పిలుచుచుందురు. ఒకే సాక్షి ఇరువురికిని ఎట్లు పనికివచ్చుచున్నాడో పరిశీలింపదగిన విషయము.

ముందుగా బ్రిటను సంగతి. డన్‌బ్లేన్ హంతకుడు దొంగ తుపాకులు తెచ్చినవాడు కాడు. అతని పిస్తోళ్లన్నిటికిని పోలీసువారి అనుమతి ఉన్నది. బిడ్డలను పోగొట్టుకొన్నవారి దుఃఖమునకు ఈ ఒక్క విషయము నిప్పు రాజవేసినది. ఆ ఋతువున ఆ ప్రాంతమున పూయు ‘స్నోడ్రాప్’ అను తెల్లని పూవు పేరిట ఒక ప్రజావిజ్ఞాపన బయలుదేరి, ఏడు లక్షలకు పైగా సంతకములు సేకరించినది. న్యాయమూర్తి కల్లెన్ ప్రభువు జరిపిన విచారణ సంపూర్ణ నిషేధమును గట్టిగా కోరలేదు. ఐనను ప్రజాభిప్రాయము ముందు ప్రభుత్వము నిలువజాలకపోయెను. 1997లో రెండు చట్టములు వచ్చి, ఉత్తర ఐర్లండు మినహా దేశమంతటను ప్రజలు పిస్తోలు కలిగియుండుటను దాదాపు పూర్తిగా మాన్పించినవి. 1,60,000కు పైగా పిస్తోళ్లు ప్రభుత్వమునకు చేరినవి.

తరువాత జరిగినది నిషేధవాదులకు రుచించునది కాదు. ఇంగ్లండు, వేల్సులలో పిస్తోలుతో జరిగిన నేరములు తరువాతి నాలుగైదు సంవత్సరములలో తగ్గుటకు మారుగా సుమారు రెండింతలైనవి. చట్టము వ్యర్థమని వాదించువారు ఇచ్చటనే తమ పుస్తకము మూయుదురు. కాని ఆ నేరములు చేసినవారెవ్వరు? పిస్తోళ్లను తెచ్చి అప్పగించినవారు క్రీడాసంఘముల సభ్యులు. నగరములలో మత్తుమందుల వ్యాపారము చేయు ముఠాలకు ఆ సంఘములతో సంబంధము లేదు. వారి చేతికి వచ్చినవి చాటుగా దిగుమతియైనవి, లేదా గాలితుపాకులను మార్చి గుండు పేలునట్లు చేసినవి. 1997 నాటి చట్టము వారి తుపాకిని ముట్టనే లేదు. అక్రమ ఆయుధమునకు తప్పనిసరియగు అయిదేండ్ల శిక్ష 2003లో శాసనమైనది. మార్పునకు వీలైన గాలితుపాకుల అమ్మకమునకును అడ్డుకట్ట పడినది. అటుపిమ్మట ఆ నేరముల సంఖ్య దిగుట ప్రారంభించినది.

ఐనచో 1997 చట్టము చేసిన మేలు ఏమి? డన్‌బ్లేన్ తరువాత నేటివరకు బ్రిటనులో ఏ పాఠశాలయందును అట్టి కాల్పుల మారణహోమము జరుగలేదు. ఒక్కటే ఉదాహరణముపై సిద్ధాంతము కట్టుట శాస్త్రీయము కాదని గణితజ్ఞులు ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమే. పైగా 2010లో కంబ్రియాలో ఒకడు అనుమతి గల షాట్‌గన్నుతోను రైఫిలుతోను 12 మందిని చంపెను. 2021లో ప్లిమత్తులో ఐదుగురు హతులైరి. ఆ ప్లిమత్తు హంతకుని షాట్‌గన్నును పోలీసులు ఒకమారు స్వాధీనము చేసికొని, కొలది వారములకు ముందే తిరిగి యిచ్చియుండిరి. ఏ ఆయుధమును నిషేధించలేదో ఆ ఆయుధము నుండియే ఆ ప్రమాదములు వచ్చినవి. చట్టపుస్తకమునందు లోపము ఒకటైతే, దానిని అమలు జరుపు బల్లకడ లోపము మరియొకటి.

ఆస్ట్రేలియా మార్గము వేరు. అచ్చట తుపాకులపై అధికారము ప్రధానముగా రాష్ట్రములది, కేంద్రముది కాదు. ప్రధానమంత్రి జాన్ హోవర్డు పదవికి వచ్చి అప్పటికి రెండు నెలలైనను కాలేదు. ఐనను పోర్ట్ ఆర్థర్ జరిగిన 12 దినములలో, మే 10 నాటికి, రాష్ట్రములన్నిటిని ఒక అంగీకారమునకు తెచ్చెను. వెంటవెంట తమంతట తామే గుండు నింపుకొను రైఫిళ్లు, షాట్‌గన్నులు సామాన్యులకు నిషిద్ధములైనవి. ప్రతి తుపాకిని నమోదు చేయించవలెను. కొనదలచినవాడు 28 దినములు వేచియుండవలెను. దేనికొరకు కావలెనో తగిన కారణము చూపవలెను. ఆత్మరక్షణ తగిన కారణముగా పరిగణింపబడదు. ఈ చివరి నియమము చిన్నదిగా కనబడును గాని, అమెరికా దేశపు న్యాయభావనకు ఇది తలక్రిందులైనది. ప్రజల రక్షణ భారమును ప్రజల తుపాకులనుండి తీసి రాజ్యము తలకెత్తుకొన్నది.

అంతకంటె ముఖ్యమైనది మరియొకటి ఉన్నది. ప్రభుత్వము నిషేధించి ఊరకుండలేదు. వెల చెల్లించి కొన్నది. ఇందుకై వైద్యబీమా సుంకమును ఒక సంవత్సరముపాటు నూటికి 0.2 వంతున పెంచి, సుమారు 6,50,000 తుపాకులను తీసికొని ధ్వంసము చేయించెను. హోవర్డు తన పక్షమునకే ఓట్లు వేయు పల్లెరైతుల సభకు పోయి, కోటు క్రింద గుండు దూరని కవచము తొడిగి మాటలాడవలసి వచ్చినది.

ఫలితమును గూర్చి పండితులు నేటికిని తగవులాడుచున్నారు. తుపాకి మరణములు 1996కు ముందే తగ్గుచుండెను గదా, ఆ తగ్గుదలనే కొనసాగినదనరాదా అని కొందరు. తగ్గుదల వేగము పెరిగినదని మరికొందరు. హత్యల విషయమున రుజువు అంత బలమైనది కాదు. తుపాకితో చేసికొను ఆత్మహత్యల విషయమున బలమైనది. ఒక పరిశోధన మాత్రము ప్రత్యేకముగా గమనింపదగినది. 2010లో ఆండ్రూ లీ, క్రిస్టీన్ నీల్ అను ఇరువురు ఆర్థికవేత్తలు రాష్ట్రములవారీగా లెక్కలు పోల్చి, జనాభాను బట్టి చూడగా ఎచ్చట తుపాకులు ఎక్కువగా వెనుకకు వచ్చినవో అచ్చటనే మరణములును ఎక్కువగా తగ్గినవని చూపిరి. శాసనము అన్ని రాష్ట్రములకు ఒకటియే. తేడా వచ్చినది సేకరణలో. 1996కు ముందు 18 ఏండ్లలో ఐదుగురు లేక అంతకు మించి హతులైన కాల్పులు 13 జరిగియుండగా, తరువాత 22 ఏండ్లపాటు ఒక్కటియును లేదు. 2018లో ఒక కుటుంబములోని విషాదముతో ఆ విరామము ముగిసెను.

2025 డిసెంబరు 14న సిడ్నీ నగరపు బాండై సముద్రతీరమున యూదుల పండుగ సందర్భమున 15 మంది హతులైరి. దాడి చేసిన ఇరువురిలో పెద్దవానికి తుపాకుల లైసెన్సు ఉన్నది. ఆస్ట్రేలియాలో తుపాకుల సంఖ్య మరల పెరిగి 40 లక్షలు దాటినదని, పోర్ట్ ఆర్థర్ నాటికంటె ఎక్కువైనదని ప్రభుత్వమే చెప్పి, మరల కొనుగోలు పథకమును ప్రకటించెను. 1996 నాటి పని ఒకమారు చేసి విడిచిపెట్టదగిన పని కాదని ఆ దేశము ఆలస్యముగా గ్రహించినది.

నిషేధమునకు సరిహద్దు లేకున్న ఏమగునో వాషింగ్టన్ నగరము చెప్పును. 1976లో ఆ నగరము పిస్తోళ్లను నిషేధించినది. మొదటి పదేండ్లలో తుపాకి హత్యలు తగ్గినట్లు పరిశోధకులు కనుగొనిరి. కాని ప్రక్క రాష్ట్రములలో తుపాకి అంగడి సరుకు. మత్తుమందుల ముఠాలు ప్రబలిన తరువాత, 1991లో, సుమారు ఆరు లక్షల జనాభా గల ఆ నగరమున 482 హత్యలు జరిగెను. 2008లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధమును కొట్టివేసినది.

తుపాకి దొరకనిచోట కత్తి వచ్చును గదా యను ప్రశ్న సహజము. వచ్చును. ఇంగ్లండు, వేల్సులలో నేడు హత్యలకు ప్రధాన సాధనము కత్తియే. 2024 జులైలో సౌత్‌పోర్టు పట్టణమున నృత్యము నేర్చుకొనుచున్న ముగ్గురు బాలికలను చంపినది వంటింటి కత్తి. భయంకరాకారము గల ‘జోంబీ’ కత్తులను 2024లోను, ‘నింజా’ ఖడ్గములను 2025లోను అచ్చట నిషేధించిరి. వంటింటి కత్తిని నిషేధింపజాలరు. దానిని పిన్నవారికి అమ్మకుండ చూడగలరు, అంతియే. ఐనను కత్తికిని వేగముగా పేలు తుపాకికిని గల భేదమును మరువరాదు. ఒక నిమిషమున ఎందరు చత్తురు, ఎందరు పారిపోగలరు అనుదానిలో ఆ భేదమున్నది.

భారతదేశమున ఆయుధ శాసనము భద్రత కొరకు పుట్టినది కాదు. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున అది ప్రజలను నిరాయుధులను చేయుటకు పుట్టినది. తెల్లవారికి దానినుండి మినహాయింపు ఉండెను. 1887లో మద్రాసు కాంగ్రెసు మహాసభ దానిపై ఆందోళన తెలిపినది. స్వతంత్ర భారతము 1959లో క్రొత్త చట్టము చేసినది. అది 1962లో అమలునకు వచ్చినది. 2019 సవరణ ఒక్కొక్కరు ఉంచుకొనదగిన లైసెన్సు తుపాకులను మూడింటినుండి రెండింటికి తగ్గించినది. కాని ఈ దేశమున తుపాకితో జరుగు హత్యలలో అత్యధికము లైసెన్సు లేని నాటు తుపాకులతో జరుగునవి. వాటిని ఏ కొనుగోలు పథకమును తీసికొనజాలదు; ఏలయన తయారైన ఇల్లే ఎవరికిని తెలియదు.

రాయలసీమ కక్షల చరిత్రలో ఇది మరింత స్పష్టము. కర్నూలు, కడప, అనంతపురము జిల్లాల పల్లెలలో దశాబ్దములపాటు మనుష్యులను చంపినవి వేటకొడవళ్లు, నాటుబాంబులు. వేటకొడవలి ఊరి కమ్మరి కొలిమిలో పుట్టును. నాటుబాంబు పెరటిలో చుట్టబడును. ప్రేలుడు పదార్థముల చట్టము 1908 నాటినుండియు ఉన్నది. అది ఉండగనే ఇన్ని బాంబులు ప్రేలినవి. ఇటీవల ఆ కక్షలు సన్నగిల్లుటకు శాసనమును మించిన కారణములు చెప్పుదురు: సాక్షులు కోర్టులో నిలబడుట, పోలీసు నిఘా, బిడ్డలు చదువులకై పట్టణములు చేరుట, నాయకులకు ఫాక్షన్ కంటె కాంట్రాక్టు లాభదాయకమగుట.

నేటికిని ఎన్నికల ప్రకటన వెలువడగనే లైసెన్సు గలవారి తుపాకులను పోలీసు ఠాణాలో అప్పగింపజేయుట ఆనవాయితీ. పంట కాచుకొను రైతు తన పాత తుపాకి నిచ్చి రసీదు పుచ్చుకొని పోవును. గడ్డివామిలో దాచిన బాంబులకు మాత్రము రసీదులు లేవు. వాటికొరకు పోలీసులు వామి వామియు పీకి వెదకవలసినదే.