గ్లాసు మారితే గౌరవమా?

తమ్ముడూ, చెల్లీ! హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికింది, మొదటి జీతం పడింది, దోస్తులు బ్రూపబ్‌కి తీసుకెళ్లారు. చెక్క పళ్లెంలో నాలుగు చిన్న గ్లాసులు. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన. స్టౌట్‌లో మాడిన బార్లీ ఇచ్చే కాఫీ రుచి. ఐపీఏలో హాప్స్ చేదు. ఒక్కోటి చప్పరించి పోల్చి చూశావు. తప్పేం లేదు.

కానీ ఒక్క మాట. ఆ వాసన అరటిపండుది కాదు, ఈస్ట్‌ది. మన కుండలో ఇప్పపూవును పులియబెట్టేదీ ఈస్టే. పూవు ఎంత ఎండిందో, ఊట ఎప్పుడు పొయ్యి ఎక్కించాలో వాసనతోనే చెప్పే అవ్వను మాత్రం ఎవరూ 'బ్రూమాస్టర్' అనరు. 'గుడుంబా కాసేది' అంటారు. గుడుంబా బెల్లంది, మనది పూవుది. ఆ తేడా తెలియనోళ్లు మనకు రుచి నేర్పుతారా?

పబ్బు బీరుకు లైసెన్సు, అవ్వ సారాకు కేసు. 1892లోనే బొంబాయి ప్రెసిడెన్సీలో తెల్లదొరలు ఇప్పపూవు మీద చట్టం తెచ్చారు. 2022లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం అదే ఇప్పసారాను 'వారసత్వ మద్యం' అంది. అంటే నిన్నటిదాకా నేరమైంది సీసాలోకి ఎక్కగానే వారసత్వమైంది!

తాగమని చెప్పట్లేదు. తాగుడుకు కూలిన ఇళ్లు మన గూడేల్లోనూ ఉన్నాయి. మద్యం అసలే వద్దనాలన్నా, ఇంతవరకే అనాలన్నా, ఆ అధికారం గ్రామసభకు ఉండాలని 1996 పీసా చట్టం చెప్పింది. మరి ఆ నిర్ణయం మన ఊళ్లో ఎవరు చేస్తున్నారు? ఎక్సైజ్ జీపా, మన గ్రామసభా?

ఇప్పసారా పేరెత్తితే తల దించుకోకు. ఈసారి ఊరెళ్లినప్పుడు అవ్వ దగ్గర ఆ పని తెలుసుకో. గ్రామసభలో లేచి ఈ ప్రశ్న అడుగు.