పాట మనది, పేరెవరిది?

కిందటేడు మన కాలేజీ వార్షికోత్సవం నాడు ఒక జూనియర్ మిత్రుడు బాబ్ మార్లే బొమ్మున్న చొక్కా వేసుకొచ్చాడు. "ఎవరోయ్ ఈయన?" అని అడిగాను. "జమైకా ఆయనండీ, రెగ్గే పాడేవాడు" అన్నాడు. సంతోషం. "మరి వింజమూరి అనసూయాదేవి గారు తెలుసా?" అంటే తెల్లమొహం వేశాడు. అతన్ని వెక్కిరించడానికి చెప్పడం లేదు. రెండేళ్ల కిందట నన్నడిగినా నేనూ అదే మొహం వేసేవాణ్ణి.

మార్లే 1945లో జమైకాలో ఒక కొండపల్లెలో పుట్టి, కింగ్‌స్టన్ పేటల్లో పెరిగి, 1981లో ముప్ఫయ్యారేళ్లకే కన్నుమూశాడు. ఆ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది 1962లో. ఆ రోజుల్లో అక్కడ పాడినవాడి చేతిలో నాలుగు డబ్బులు పెట్టి, రికార్డు మీద హక్కులు స్టూడియో యజమాని అట్టేపెట్టుకోవడం మామూలు. అందుకే మార్లే, అతని మిత్రులు 1970 ప్రాంతంలో 'టఫ్ గాంగ్' అని సొంత లేబుల్ పెట్టుకున్నారు. పేటలో పుట్టిన ఆ రెగ్గేని 2018లో యునెస్కో మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. పాట గొప్పదైతే చాలదు, దాన్ని రికార్డు చేసే యంత్రం ఎవరి చేతిలో ఉంది, రికార్డు మీద ఎవరి పేరు ఉంది అన్నది కూడా ముఖ్యమే అని ఆ కథ చెబుతోంది.

ఇప్పుడు మన గడప దగ్గరికి వద్దాం. అనసూయాదేవి గారు 1920లో మన కాకినాడలో పుట్టారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి గారికి మేనకోడలు. చెల్లెలు సీతాదేవి గారితో కలిసి వింజమూరి సోదరీమణులుగా పేరుపొందారు. పెద్దింటి ఆడపిల్ల కచేరీకెక్కితే కీర్తనలే పాడాలనుకునే కాలంలో, పల్లెపాటని వేదిక మీదికీ, మద్రాసు రేడియోలోకీ, గ్రామఫోను ప్లేట్లలోకీ తెచ్చినవాళ్లు వాళ్లు. పాడటంతో ఆగలేదు. పాటలు సేకరించారు, స్వరపరిచారు, పుస్తకాలుగా అచ్చువేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం అనసూయ గారిని కళాప్రపూర్ణతో గౌరవించింది. 1979 నాటి 'మా భూమి' సినిమా సంగీతంలో సీత గారి చేయి ఉంది. సీత గారు 2016లో, అనసూయ గారు 2019లో తొంభై ఎనిమిదేళ్ల వయసులో హ్యూస్టన్‌లో వెళ్లిపోయారు. అంతటి మనిషి పేరు కాకినాడకి కూతవేటు దూరంలో చదువుకునే మనకి తెలియకపోవడం ఎవరి తప్పు? పాఠ్యపుస్తకాల్ది కొంత, మనది కొంత.

అయితే నా అసలు మాట ఇది కాదు. ఆ అక్కచెల్లెళ్లు పాటని పొలం నుంచి వేదిక దాకా మోసుకొచ్చారు. ఆ రుణం తీరేది కాదు. కానీ ఆ పాట కట్టినావిడ, ఊడ్పుల్లో వంగి పాడినావిడ, మాత్రం చేలోనే ఉండిపోయింది. ప్లేటు మీద 'జానపదం' అని వేస్తే సరిపోయింది. జానపదం అంటే ఎవరూ రాయనిది కాదు మిత్రులారా, రాసినావిడ పేరు మనం అడగనిది.

మొన్న వేసవిలో మా మేనత్తని లంకలో కలిశాను. సార్వా ఊడ్పుల్లో ఆవిడ ముందు ఎత్తుకుంటే పదిమందీ అందుకునేవారట. "ఈ పాట ఎవరు రాశారత్తా?" అంటే, "రాయడమేంట్రా, మా అత్త పాడేది, నేను నాలుగు మాటలు కలిపాను" అంది. ఫోనులో రికార్డు చేసుకుని లేవబోతుంటే, కొంగు సర్దుకుని, "ఒరేయ్, అందులో నా పేరు కూడా చెప్పు" అంది. డెబ్భయ్యేళ్లలో ఆవిణ్ణి ఆ పేరు ఎవరూ అడగలేదు.

"ఇవన్నీ సినిమాల్లో వస్తూనే ఉన్నాయి కదండీ" అంటారు కొందరు. వస్తున్నాయి. 2021లో 'సారంగదరియా' పాట మీద ఎంత గొడవ జరిగిందో మనం చూశాం. ఊళ్లో విని, సేకరించి, ముందుగా పాడినవాళ్లకి ఏం దక్కాలి అన్నదే కదా ఆ గొడవ. ఇంకొందరు మేష్టార్లు "వాటిలో మోటు మాటలున్నాయి" అంటారు. ఉంటాయి. మోకాటిలోతు బురదలో పొద్దస్తమానం వంగినవాళ్ల నోట మోటుమాట రాకుండా ఎలా ఉంటుంది? దిద్దడం తర్వాత సంగతి, ముందు విందాం.

వినడానికి ఇంక ఎక్కువ రోజులు లేవు. ఊడ్పు యంత్రాలు వస్తున్నాయి. కొన్నిచోట్ల నారు పొయ్యకుండా విత్తనమే వెదజల్లుతున్నారు. వరసగా నిలబడి నాటేవాళ్లు లేకపోతే వరసగా అందుకునే పాటా ఉండదు. యంత్రం వద్దనడం లేదు. మా అత్త నడుం చూసినవాడెవడూ ఆ మాట అనడు. నడుంనొప్పి పోనివ్వండి, పాటని మాత్రం దాంతోపాటు పోనివ్వకండి.

అంచేత విద్యార్థి సంఘానికి నాదొక మనవి. రికార్డింగు డాన్సులకీ, మైకుసెట్లకీ పెట్టే ఖర్చులో పిసరంత తగ్గించండి. ఈ సెలవల్లో ప్రతి విద్యార్థీ తన ఊళ్లో ఒక్క పాట, ఒకే ఒక్కటి, రికార్డు చేసి తేవాలి. పాడినావిడ అనుమతి అడగాలి. ఆవిడ పేరు, ఊరు, ఏ పని చేస్తూ పాడేదో, ఎవరి దగ్గర నేర్చుకుందో కాయితం మీద రాయాలి. ఊడ్పులకి బెంగాల్ నుంచి వచ్చే కూలీలు పాడితే వాళ్లదీ రాయాలి. మన లైబ్రరీలో ఒక బీరువా అరా, ఒక కంప్యూటరూ చాలు. అనసూయ గారి కాలంలో దీనికి గ్రామఫోను కంపెనీ దయ కావాల్సొచ్చింది. ఇవాళ ఆ యంత్రం మనందరి జేబుల్లోనూ ఉంది. ఇక సాకు లేదు.

మార్లే చొక్కా వేసుకోండి, తప్పేం లేదు. నేనూ ఒకటి కొనుక్కున్నాను. కాకపోతే వచ్చే వార్షికోత్సవానికి మా మేనత్తని వేదిక మీదికి పిలుద్దామని ఉంది. అప్పుడు మైకులో ముందు 'జానపద గీతం' అనకండి. ఆవిడ పేరు చెప్పండి.