మసి ఎవరిది?

మసి వంటింట్లో ఉంటే ఆడదాని ఖర్మ, మెకానిక్ షెడ్డులో ఉంటే మగవాడి విద్య! నా పాత బుల్లెట్ ఇంజను విప్పి, పార్టులన్నీ కిరోసిన్‌లో కడుగుతుంటే ఈ తేడా బాగా బోధపడింది. పిస్టన్ నెత్తిన గట్టిపడిన కార్బన్ కూడా మసే కదా. అల్యూమినియం మీద గీత పడకుండా దాన్ని చెక్కపుల్లతో గీకాలి. రింగుల గాడిని విరిగిన పాత రింగు ముక్కతో శుభ్రం చెయ్యాలి. ఆయిల్ వెళ్ళే రంధ్రంలో చెత్త అడ్డుపడితే బేరింగు పోతుంది. ఇంత ఓపికకి షెడ్డులో నైపుణ్యమని పేరు, చేతికి కూలి. ఇంట్లో అయితే అది 'ఆడవాళ్ళ స్వభావం', ఉత్తపుణ్యానికి చెయ్యాలి. తోమడం మన స్వభావమే అయితే షెడ్డు గుమ్మంలోనే మనల్ని ఎందుకు ఆపుతున్నారు? మసికి లేని ఆడామగా తేడా కూలికి ఎక్కణ్ణుంచి వచ్చింది?