కొన్న ఫోన్‌కు తాళం ఎవరి చేతిలో?

టెలికాం కంపెనీ పేరుతో అమ్మే స్మార్ట్‌ఫోన్‌లో కొనుగోలుదారు అడగని యాప్‌లు చాలానే ఉంటాయి. పాటలకొకటి, సినిమాలకొకటి, రీఛార్జికొకటి. కొన్నిటిని తీసేయడానికి ఫోన్ ఒప్పుకోదు. అప్పుడు ఎవరో ఒకరు సలహా ఇస్తారు: ‘రూట్ చేసెయ్, అన్నీ పోతాయి’ అని. ఈ సలహాలో సగం నిజం ఉంది. మిగతా సగానికి చెల్లించాల్సిన మూల్యం గురించి మాత్రం ఎవరూ చెప్పరు.

ముందుగా గుర్తించాల్సింది ఒకటుంది. ముందే వేసి ఇచ్చిన యాప్‌లన్నీ చెత్త కావు. 2021 నవంబరులో రూ.6,499 ధరకు వచ్చిన జియోఫోన్ నెక్స్ట్‌నే చూడండి. ఆండ్రాయిడ్ ఆధారంగా గూగుల్, జియో కలిసి తయారుచేసిన ప్రగతి ఓఎస్ అందులో ఉంది. తెరపై ఉన్న అక్షరాలను పైకి చదివి వినిపించే సదుపాయం, వాటిని మరో భాషలోకి మార్చే సదుపాయం దానితోనే వచ్చాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగువారు స్థిరపడిన ఖరగ్‌పూర్ వంటి చోట్ల ఇలాంటివి ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బెంగాలీ, ఆఫీసు కాగితం మీద ఇంగ్లిష్. అక్షరాలు చదివి వినిపించే ఫోన్ అలాంటి ఇంట్లో పెద్దవాళ్లకు నిజమైన తోడు. ఆటల యాప్‌ను వదిలించుకోబోయి దాన్ని పోగొట్టుకుంటే నష్టం ఎవరికి?

ఇంతకీ రూట్ అంటే ఏమిటి? ఆండ్రాయిడ్‌కు పునాది లైనక్స్ కెర్నల్. ప్రతి యాప్‌కూ అది ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇస్తుంది. ఒక యాప్ దస్త్రాలను మరొకటి చూడకుండా ఈ సంఖ్యలే అడ్డుగోడలుగా నిలుస్తాయి. సున్నా సంఖ్య గల వినియోగదారుకు మాత్రం ఏ గోడా ఉండదు. ఆ వినియోగదారే రూట్. ఫోన్ యజమానికి సాధారణంగా ఆ స్థానం ఇవ్వరు.

ఈ పెనుగులాట ఆండ్రాయిడ్ అంత పాతది. తొలి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1ను 2008 అక్టోబరులో అమెరికాలో అమ్మింది టీ-మొబైల్ అనే టెలికాం కంపెనీయే. కొద్ది వారాలకే అందులో ఒక వింత లోపం బయటపడింది. కీబోర్డుపై కొట్టిన ప్రతి అక్షరం తెర వెనుక రూట్ అధికారంతో నడుస్తున్న ఆదేశ వ్యవస్థకూ చేరేది. మామూలు సందేశంలో ‘రీబూట్’ అన్న మాట ఇంగ్లిష్‌లో కొట్టినా ఫోన్ ఆగి మళ్లీ మొదలయ్యేది. ఔత్సాహికులు ఆ దారిలోనే రూట్ సాధించారు. గూగుల్ వెంటనే లోపాన్ని సరిదిద్దింది. యజమానికి తలుపు తీసిన ఆ లోపం దొంగకూ తీస్తుంది మరి. 2011 మార్చిలో డ్రాయిడ్‌డ్రీమ్ అనే హానికర ప్రోగ్రామ్ 50కి పైగా యాప్‌లలో దాక్కుని, ఇలాంటి లోపాలతోనే ఫోన్లను రూట్ చేసింది.

ఇప్పటి ఫోన్లలో రూట్ చేయాలంటే సాధారణంగా ముందు బూట్‌లోడర్ తాళం తీయాలి. తాళం తీయగానే ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోతుంది. దొంగిలించిన ఫోన్‌లోంచి సమాచారం లాగకుండా చేసిన ఏర్పాటు అది. కొన్ని కంపెనీలు ఈ తాళం తీయడానికే ఒప్పుకోవు. శామ్‌సంగ్ నాక్స్ ఫోన్లలో అనధికార సాఫ్ట్‌వేర్ నడిస్తే ఒక సూక్ష్మ ఫ్యూజు కాలిపోతుంది. దాన్ని మళ్లీ అతికించలేం. తాళం తీసిన సంగతిని బ్యాంకు, యూపీఐ యాప్‌లు కూడా పసిగట్టి పనిచేయడం మానేయవచ్చు.

యాప్‌లను చెడగొట్టకుండానే రూట్ చేసే మార్గం లేకపోలేదు. 2016లో వచ్చిన మ్యాజిస్క్ సిస్టమ్ విభాగాన్ని తాకకుండా, ఫోన్ మొదలయ్యే దశలోనే మార్పు చేస్తుంది. దానితో ఉపయోగపడే యాప్‌లు అలాగే ఉంటాయి. వారంటీ చిక్కు మాత్రం తీరదు. ఏకంగా వేరే రామ్‌ను ఎక్కిస్తే ఇంకో ప్రమాదం ఉంది. జియోకు 2జీ, 3జీ లేవు. కాల్స్ 4జీ మీదనో 5జీ మీదనో వెళ్లాలి. అందుకు కావలసిన అమరికలు కొత్త రామ్‌లో లేకపోతే ఇంటర్నెట్ వస్తుంది గానీ మామూలు కాల్ వెళ్లదు.

అన్నిటికీ మించిన అపోహ స్టోరేజీ గురించి. ‘జాగా చాలడం లేదు, అందుకే రూట్’ అంటారు చాలామంది. ముందే వేసిన యాప్‌ల అసలు ప్రతులు ఉండేది సిస్టమ్ విభాగంలో. ఫొటోలు, వీడియోలు ఉండేది వేరే విభాగంలో. మొదటిదాంట్లో ఖాళీ అయిన చోటు రెండోదానికి వచ్చి చేరదు. రూట్ చేసి యాప్‌ను తుడిచేసినా ఫొటోలకు కొత్తగా దక్కే జాగా దాదాపు ఏమీ ఉండదు. దక్కేదల్లా ఆ యాప్ అప్‌డేట్లు, అది పోగేసుకున్న సమాచారం ఆక్రమించిన చోటే. సెట్టింగ్స్‌లో ‘డిసేబుల్’ నొక్కి, ఆ రెండింటినీ తొలగించినా అదే ఫలితం వస్తుంది.

డిసేబుల్ మీట పనిచేయని యాప్‌లకు మరో దారి ఉంది. డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపి, గూగుల్ ఉచితంగా ఇచ్చే ఏడీబీ సాధనంతో ఒక్కొక్క యాప్‌ను ఆ వినియోగదారు వరకు తీసేయవచ్చు. అసలు ప్రతి సిస్టమ్ విభాగంలో అలాగే ఉంటుంది, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే తిరిగి వస్తుంది. బూట్‌లోడర్ తాళాన్ని ఎవరూ తాకరు. ఏ యాప్ దేనికో తెలియకుండా తీస్తే ఫోన్ మొరాయిస్తుంది కాబట్టి, పేరు సరిచూసుకుని ఒక్కొక్కటే తీయాలి. పని అయ్యాక డీబగ్గింగ్‌ను ఆపేయాలి. ఉంచుకోవలసినవి ఉంచుకుని, వద్దనుకున్నవి వదిలించుకుని, వారంటీనీ కాపాడుకోవాలనుకునే సాధారణ వినియోగదారుకు ఇదే సరైన దారి.

అయితే కొన్న వస్తువులోంచి అక్కర్లేనిది తీసేయడానికి ఇంత తంటా ఎందుకు పడాలి? ముందే వేసిన తన యాప్‌లను వినియోగదారులు తొలగించకుండా గూగుల్ అడ్డుపడరాదని భారత కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో ఆదేశించింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రైబ్యునల్ రూ.1,337.76 కోట్ల జరిమానాను సమర్థించింది గానీ, ఈ ఆదేశాన్ని మాత్రం కొట్టేసింది. సమస్య ఒక్క కంపెనీది కాదు. సంచార్ సాథీ యాప్‌ను కొత్త ఫోన్లన్నిటిలో ముందే వేయాలని టెలికాం శాఖ 2025 నవంబరు చివర్లో ఆదేశించి, విమర్శలు రావడంతో డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. మంచి యాప్ అయినా సరే, ‘ఉంచుకోవాలా వద్దా’ అన్న నిర్ణయం ఎవరిదన్నదే ప్రశ్న.

వారంటీ విషయంలోనూ న్యాయమైన సూత్రం ఒకటే: చేసిన మార్పు వల్ల చెడిందా, లేదా? రూట్ చేసి ప్రాసెసర్‌ను మితిమీరిన వేగంతో నడిపి పాడుచేస్తే ఆ భారం యజమానిదే. ఛార్జింగ్ సాకెట్ ఊడిపోవడానికి, రూట్‌కు సంబంధం ఏమిటి? ఐరోపా సమాఖ్య నిబంధనల్లో, కొన్న ఏడాదిలోపు బయటపడిన లోపం మొదటి నుంచీ ఉన్నట్టే లెక్క. కాదని నిరూపించాల్సింది అమ్మినవారే. మన దేశంలో 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ మొదలైంది, మొబైల్ ఫోన్లు దాని పరిధిలో ఉన్నాయి. మరమ్మతు హక్కు స్క్రూలు, బ్యాటరీల దగ్గర ఆగిపోకూడదు. సాఫ్ట్‌వేర్‌కూ అది వర్తించాలి.

అందరికీ రూట్ అక్కర్లేదు. అందరికీ కావలసింది ప్రతి యాప్ పక్కన పనిచేసే ఒక తొలగింపు మీట. అది ఇచ్చేస్తే ఆటల యాప్ పోతుంది, చదివి వినిపించే సదుపాయం ఉంటుంది, తాళం పగలగొట్టే అవసరమూ చాలామందికి రాదు.