పగిలిన గాజు అతుకుతుందా?

పగిలిన గాజూ, విరిగిన మనసూ అతకవని మన పెద్దలు అంటారు. ఇరవై ఏళ్లుగా తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి కనుక ఈ మాటను నేనూ క్లాసులో చాలాసార్లు వాడుకున్నాను. కాని మొన్న కొండాపూర్‌లో మా వీధి చివర, వేపచెట్టు కింద, ఒక కుర్రవాడు నా కళ్లముందే గాజును అతికి చూపించాడు. అప్పటినుంచీ ఆ మాట అనాలంటే కొంచెం జంకుగా ఉన్నది.

జరిగిందేమిటంటే, ఉదయం పదిగంటలకు మా అమ్మాయి గదిలోంచి "నాన్నా, నెట్టు పోయింది!" అని కేక వేసింది. కిటికీలోంచి చూస్తే హైటెక్ సిటీ మేడలు కనబడతాయి గాని, అమ్మాయి ఉద్యోగం బెంగుళూరు కంపెనీలో. కూర్చునేది మా పడకగదిలో. మధ్యాహ్నం మూడింటికి ఆరు నెలల పనిని లండన్‌వాళ్లకు చూపించాలట. "ఫోన్లో చూపించరాదుటే?" అన్నది మా ఆవిడ. ఫోనూ మూగబోయింది. ఆ టవరుకు వచ్చేదీ అదే తీగట! "ఏమండీ, మీరలా పేపరు చదువుతూ కూర్చుంటే ఎలా?" అన్నాక గొడుగు తీసుకుని బయల్దేరక తప్పలేదు.

వీధి చివర మంచినీళ్ల గొట్టం కోసం ఎవరో గుంత తవ్వారు. యంత్రం పంటికి కేబులు చిక్కి రెండు ముక్కలైంది. చెట్టు కింద చిన్న బల్ల, దానిమీద రొట్టెల డబ్బా అంత మిషను, పక్కన నల్లని ప్లాస్టిక్ డబ్బా, ముందు పాతికేళ్ల కుర్రవాడు. నేను కొంచెం మాస్టారి గొంతుతోనే అన్నాను:

"ఏమోయ్, ముందు మా ఇంటిది కలిపెయ్యి. మిగతావి నింపాదిగా చూసుకుందువుగాని."

అతను తల ఎత్తలేదు. "గిండ్ల ఇరవై నాలుగు పోగులున్నయి సార్. మీ ఇంటిది ఏదో నాకెర్క లేదు. నాకు రంగొక్కటే ఎర్క."

నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబి, లేత నీలం – మనం గణాలు వల్లించినట్టు గడగడా చెప్పాడు. పన్నెండేసి పోగులు ఒక్కో సన్నని గొట్టంలో. ఏ రంగును ఆ రంగుతోనే కలపాలి. నారింజను ఆకుపచ్చకు కలిపితే ఒకరి కబురు మరొకరి గుమ్మంలో పడుతుంది. తెగిన కేబులు సాగదు గనక మధ్యలో కొత్త ముక్క వేసి రెండుచోట్లా అతకాలి. అంటే నలభై ఎనిమిది అతుకులు. రెండో గుంత దగ్గర ఇంకొక కుర్రవాడు కూర్చున్నాడు.

నాకు కాలేజీ సెలవు. అక్కడే అరుగుమీద చతికిలబడ్డాను.

అతకటం అంటే క్షణంలో అయిపోతుందనుకున్నాను. నిజానికి అతకటం క్షణంలోనే అయిపోతుంది. అంతకు ముందున్న సన్నాహమే అసలు పని. పై నల్లతోలు ఒలిచాడు. లోపల పసుపుపచ్చని నార, నడుమ గట్టి కడ్డీ. ఆ నార తుపాకీ గుండును ఆపే కోట్లలో వాడే జాతిదే. కడ్డీనీ నారనూ డబ్బాకు బిగించాడు. ఎవరైనా కేబులు లాగితే ఆ లాగుడు వాటిమీద పడాలి గాని గాజుమీద పడకూడదు. గొట్టాలు కోసి, నీళ్లు చొరకుండా లోపల నింపిన జిడ్డును ఓపిగ్గా తుడిచాడు.

ఆ తర్వాత ఒక్కొక్క పోగు. ముందుగా దానికి చిన్న స్లీవ్ తొడిగాడు. ఇది మరిస్తే అతికినదాన్ని మళ్లీ తెంచుకోవలసిందే. రంగుపూత ఒలిచాడు. మిగిలిన గాజు మందం మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. వెలుగు నడిచే నడిమి దారి మిల్లీమీటరులో వెయ్యింట తొమ్మిది వంతులే! స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచాడు. క్లీవర్ అనే పనిముట్టుతో కొస నిటారుగా విరిచాడు. అప్పుడు రెండు కొసలనూ మిషనులో పెట్టి మూత వేశాడు. తెరమీద రెండూ దూలాలంత లావున కనబడ్డాయి. ఎదురెదురుగా జరిగాయి. చిటుక్కున మెరుపు. రెండూ ఒకటైపోయాయి. స్లీవ్‌ను అతుకుమీదికి జరిపి, మిషను పైనున్న చిన్న పొయ్యిలో వేడిచేసి బిగించాడు.

విరిగిన గాజు తునకలను మాత్రం అతను నేల పారెయ్యలేదు. మూత ఉన్న సీసాలో వేసుకున్నాడు. ఒంట్లో గుచ్చుకుంటే కంటికి కనబడవట. ఈ చెట్టు కింద సాయంత్రం పిల్లలు ఆడుకుంటారని అతనికెవరు చెప్పారో!

ఈ పోగు కథకూ శుభ్రతే మూలం. పంజాబులోని మోగాలో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1960లో ఈ విద్యకు ఫైబర్ ఆప్టిక్స్ అని పేరు పెట్టాడు. కాని అప్పటి గాజులో వెలుగు నాలుగడుగులు వేసేసరికి నీరసించేది. తప్పు గాజుది కాదు, అందులోని మలినానిది అని 1966లో ఛార్లెస్ కావో తేల్చాడు. కిలోమీటరు పోయేసరికి నూటికి ఒక పాలు వెలుగు మిగిలితే చాలు, మాటలు పంపవచ్చునన్నాడు. 1970లో అమెరికాలో కార్నింగ్ కంపెనీవారు అది సాధించారు. ఇప్పటి గాజులో నూటికి తొంభై అయిదు పాళ్లు మిగులుతుంది. కావోకు నోబెల్ బహుమతి 2009లో వచ్చింది.

రెండు ముప్పావుకు ఆఖరి అతుకు. మిషను తెరమీద అంకె చూసి కుర్రవాడు పెదవి విరిచాడు. అంతకుముందు అతుకుల్లో వెయ్యింట అయిదు పాళ్లయినా వెలుగు పోలేదు. ఇందులో ఎక్కువే పోతున్నది.

"పోనీలేవయ్యా, వెలుగు వెళ్తున్నదిగా! మూడవుతోంది," అన్నాను.

"ఇయ్యాల నడుస్తది సార్. ఎండకు, వానకు రేపు కరాబైతది," అని ఆ అతుకును పుటుక్కున తెంచేశాడు. మళ్లీ ఒలవటం, మళ్లీ తుడవటం.

నేను నోరు మూసుకున్నాను. తప్పులున్న పరీక్ష పేపరును ‘పోనీలే’ అని దాటించిన సందర్భాలు కొన్ని గుర్తుకొచ్చాయి.

పోగులన్నిటినీ పళ్లెంలో వెడల్పుగా చుట్టాడు. ఇరుకుగా వంచితే వెలుగు ఒలికిపోతుందట. డబ్బాకు రబ్బరు బిగించి మూశాడు. మూడూ పదికి మా ఇంట్లో నెట్టు వచ్చింది. లండన్‌వాళ్లు పది నిమిషాలు కాచుకున్నారు. వాళ్ల కొంపలేమీ మునగలేదు.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయారు. ఆ వెనకే నగరంలో స్తంభాలమీది కేబుళ్లను తెంచటం మొదలైంది. వివాదం హైకోర్టుదాకా వెళ్లింది. నెత్తిమీద చిక్కుపడి వేలాడే తీగలు ప్రమాదమే, కాదనను. వాటిని పద్ధతిగా సర్దవలసిన బాధ్యత వేసినవారిదీ, వెయ్యనిచ్చినవారిదీ. కాని తెంచటానికి ఒక కత్తెర చాలు. అతకటానికి చెట్టు కింద ఒక మనిషి పూట పడుతుంది. గుంత తవ్వే ముందు కింద ఏమున్నదో ఒక్క మాట కనుక్కుంటే ఆ పూట మిగిలేది.

వెళ్లబోతూ, "పొద్దున్న కొంచెం దురుసుగా మాట్లాడాను, ఏమీ అనుకోకు బాబూ," అన్నాను. మా ఆవిడ పంపిన మజ్జిగ గ్లాసు అందించాను.

"చెయ్యి కడుక్కొని తాగుత సార్. గాజుంటది," అని నవ్వాడు.

పగిలిన గాజు అతుకుతుందా అని ఇకమీదట పిల్లలడిగితే, అతుకుతుందనే చెబుతాను. ముందు మురికి తుడవాలి, కొస సరిచెయ్యాలి, సరిగా అతకకపోతే మళ్లీ మొదలుపెట్టే ఓపిక ఉండాలి. మనసుల సంగతంటారా? ఆ మొదటి రెండు పనులూ చెయ్యకుండానే అతకలేదని మనం అంటున్నామేమో!