ఫుల్ మీల్స్‌ని నిలబెట్టేది తక్కువ తినేవాళ్లే

పేటలో నలుగురూ మెచ్చుకునే హోటల్ ఉన్నట్టుండి ‘ఫుల్ మీల్స్’ బోర్డు తీసేసి ‘ప్లేట్ మీల్స్’ అని రాయించిందంటే, బియ్యం ధరో గ్యాస్ బండ ధరో పెరిగిందనుకుంటాం. పెరిగిన మాట నిజమే. కానీ ధర పెరిగితే టోకెన్ మీద పదో ఇరవయ్యో వేసుకోవచ్చు, మారు వడ్డన మానక్కర్లేదు. అది మానేదాకా వచ్చిందంటే, అక్కడికొచ్చి కాస్తంత తిని లేచిపోయేవాళ్లు తగ్గిపోయారని అర్థం. ఎందుకంటే ఆ వ్యాపారమంతా సగటు మీద నడుస్తుంది. పొద్దుటి నుంచి మూటలు మోసి వచ్చినవాడు నాలుగుసార్లు అన్నం పెట్టించుకుంటాడు. బ్యాంకు ఉద్యోగి పప్పులో రెండు ముద్దలు, రసంలో రెండు ముద్దలు తిని పెరుగులోకి వచ్చేస్తాడు. ఇద్దరి దగ్గరా ఒకటే డబ్బు. ఈయన విస్తట్లో మిగిలింది ఆయన విస్తట్లోకి వెళ్తుంది. ప్రభుత్వం పూనుకోకుండా, ఎవరూ దానమని పేరు పెట్టకుండా ఇంత సాఫీగా జరిగే సర్దుబాటు మన బజార్లో మరోటి కనబడదు.

ఇలాంటి హోటల్లో తిండి బాగుండటానికీ కారణం ఇదే. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక పులుసుకూర, రోటి పచ్చడి, రసం, పెరుగు, అంతే. ఎంచుకునే పని ఉండదు కాబట్టి మెనూ కార్డూ ఉండదు. కూర ఏదన్నది ఆ పొద్దున రైతుబజారులో ఏది లేతగా, చవగ్గా దొరికిందన్న దాన్నిబట్టి. పన్నెండింటికి దించిన గిన్నె మూడింటికి ఖాళీ, రేపటికి దాచే పని లేదు. నూటయాభై రకాలు రాసుకున్న చోట ఇది కుదరదు. అక్కడ ఒకటో రెండో గ్రేవీలు ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టి, అడిగినదాన్నిబట్టి పనీరో చికెనో వేసి పేరు మారుస్తారు. బారెడు జాబితా చూసి మురిసిపోవడం తినేవాడి బలహీనత (నాలిక కంటే ముందు కళ్లు తింటాయి కదా).

యాప్ వచ్చి మొదట పట్టుకెళ్లింది ఆ తక్కువ తినే మనిషినే. నీడపట్టున కూర్చుని పనిచేసేవాడు, ఫోనుంది, ఎండలో నడవడం ఇష్టం లేదు. అతని అన్నం కొలిచి డబ్బాలో పెడతారు, మారు అడిగే వీల్లేదు. అతను తినకుండా వదిలేసేది ఇప్పుడు ఎవరి విస్తట్లోకీ పోదు. డబ్బా ఖర్చు, కమీషను అదనం. ఈ కమీషన్లతో సహా యాప్‌ల తీరు మీద జాతీయ రెస్టారెంట్ల సంఘం ఫిర్యాదు చేస్తే, కాంపిటీషన్ కమిషన్ 2022 ఏప్రిల్‌లో విచారణకు ఆదేశించింది. పన్ను సంగతీ చూడండి. ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారమున్న, రిజిస్ట్రేషన్ లేని హోటల్లో కూర్చుని తింటే జీఎస్టీ లేదు. అదే భోజనం యాప్‌లో తెప్పించుకుంటే 2022 జనవరి 1 నుంచి 5 శాతం పడుతోంది. ఇక హోటల్లో కూర్చునేవాళ్లలో మిగిలింది ఆకలి మీద వచ్చినవాళ్లే. సగటు పెరిగింది, గల్లాపెట్టె తగ్గింది. ఓనరుకి ప్లేట్ మీల్స్ తప్ప దారి లేదు.

ఇంటికి తెచ్చుకోవడమే తప్పా అని అడగొచ్చు. కాదు. కాకినాడ సుబ్బయ్యగారి హోటల్ బుట్టభోజనానికి పేరు మోసింది. మెస్సు ముందు క్యారేజీలు వరసపెట్టడం పాత అలవాటే. అక్కడ మధ్యలో ఎవరూ లేరు. నిన్న ఉప్పెక్కువైందని ఇవాళ మొహం మీదే చెప్పొచ్చు. శుభ్రత మాటేమిటని ఇంకొకరు అంటారు. న్యాయమైన ప్రశ్నే, కానీ 2024లో తెలంగాణ ఆహార భద్రతా అధికారులు హైదరాబాద్‌లో వరస తనిఖీలు చేసినప్పుడు పేరున్న పెద్ద రెస్టారెంట్ల వంటిళ్లలోనూ లోపాలు బయటపడ్డాయి. ఏసీ గది శుభ్రతకు హామీ కాదు. పేట హోటల్లోనైతే వంటింటి తలుపు సాధారణంగా బారుగా తీసే ఉంటుంది, తొంగిచూడటానికి అనుమతి అక్కర్లేదు.

మూడో అభ్యంతరానికి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. మెస్సు మొదటినుంచీ మగవాళ్ల చోటు. ఒంటరిగా వచ్చిన ఆడమనిషి నింపాదిగా మారు అడిగి తినే వాతావరణం చాలాచోట్ల ఇప్పటికీ లేదు, ‘ఫ్యామిలీ రూం’ పేరుతో ఓ మూల తెర కట్టడంతో సరిపెట్టారు. వాళ్లు యాప్ వైపు పోతే తప్పు వాళ్లది కాదు. ఓనర్లు ఆ తెర తీసేసి, టాయిలెట్ శుభ్రంగా ఉంచి, బల్లల మధ్య కాస్త ఎడం ఇస్తే, తక్కువ తినేవాళ్లని వెనక్కి రప్పించే పని సగం అయినట్టే. మిగతా సగం ఆఫీసుల్లో కూర్చునే మనది. వారంలో రెండు మధ్యాహ్నాలు ఫోను పక్కనపెట్టి వీధి చివరి దాకా నడవండి, టోకెన్ తీసుకుని మీరు తినగలిగినంతే తినండి.